మధ్యయుగపు ముట్టడి యంత్రాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కోటల ముట్టడి గురించి ఎవరితో మాట్లాడినా తిరిగి తిరిగి ఇవే ప్రశ్నలు వస్తాయి, అందుకే జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. ఎక్కువ భాగం ట్రెబుషే (పెద్ద బరువు దిగే ఊపుతో రాళ్ళు విసిరే యంత్రం) గురించే ఉంటుంది, ఎందుకంటే బాగా తెలుసనుకుని అందరూ పొరపడేది దాని దగ్గరే.

కేటపల్ట్, మాంగొనెల్, ట్రెబుషే... ఇవన్నీ ఒకటేనా?

చేసే పని ఒకటే, రాయి విసరడం. ఆ బలం ఎక్కడి నుంచి వస్తుందన్నదాంట్లో ఉంది తేడా. రోమన్ల కాలంలో జంతువుల స్నాయువులతోనో వెంట్రుకలతోనో పేనిన మోకుల్ని గట్టిగా మెలిపెట్టి, ఆ మెలిక మధ్యలో కర్ర దూర్చి, దాన్ని వెనక్కి లాగి వదిలేవారు. బాలిస్టా, ఓనగర్ ఈ రకానివి. వీటితో ఇబ్బంది ఏంటంటే తడి తగిలితే మోకుల బిగువు పోతుంది, పైగా మంచి స్నాయువు సంపాదించడం, దాన్ని సరిగ్గా పేనే మనిషిని పట్టుకోవడం రెండూ కష్టమే.

మధ్యయుగం నాటికి రాళ్ళు విసిరే పని మీట సూత్రం మీద నడిచే యంత్రాలకి వచ్చేసింది. ఓ పొడవాటి దూలం, దానికి మధ్యలో కాకుండా ఓ కొసకి దగ్గరగా ఇరుసు. పొట్టి వైపు మనుషులు తాళ్ళు పట్టుకుని లాగితే అది మాంగొనెల్ (ఈ పేరుని రకరకాలుగా వాడతారు, నేను ఈ అర్థంలోనే వాడతాను), అదే పొట్టి వైపు పెద్ద బరువు వేలాడదీస్తే ట్రెబుషే. మెలితాళ్ళ రకం పూర్తిగా అంతరించలేదు, 13, 14 శతాబ్దాల్లో స్ప్రింగాల్డ్ అనే పెద్ద బాణాల యంత్రాలు బురుజుల మీద ఉండేవి. కానీ సినిమాల్లో, వీడియో గేముల్లో మధ్యయుగపు సైన్యాల చేతికిచ్చే ఆ గిన్నె చెయ్యి కేటపల్ట్‌ని అప్పటి యూరప్‌లో వాడారనడానికి ఆధారాలు చాలా బలహీనం.

ట్రెబుషే యూరప్‌వాళ్ళు కనిపెట్టిందేనా?

మనుషులు లాగే రకం పుట్టిల్లు చైనా. క్రీస్తుకి కొన్ని శతాబ్దాల ముందే మోజు అనే తత్వవేత్త శిష్యులు కోట రక్షణ గురించి రాసిన వాటిలో ఈ యంత్రం ఉంది. అక్కడి నుంచి మధ్య ఆసియా మీదుగా పడమటికి నడిచింది. 6వ శతాబ్దం చివర్లో అవార్లు, స్లావులు అనే జాతులవాళ్ళు గ్రీసులోని థెస్సలొనీకా మీద పడ్డప్పుడు ఆ ఊరి ఆర్చిబిషప్ జాన్ ఈ యంత్రాల్ని కళ్ళకి కట్టినట్టు వర్ణించాడు. అప్పటికే బైజాంటియన్లకి (తూర్పు రోమన్ సామ్రాజ్యంవాళ్ళకి) అవి తలనొప్పి.

ఎదురుబరువు వేలాడే రకం మాత్రం 12వ శతాబ్దంలో, మధ్యధరా సముద్రానికి తూర్పు వైపు రూపం దిద్దుకుంది. దాని మొదటి స్పష్టమైన వర్ణన, బొమ్మతో సహా, మర్దీ ఇబ్న్ అలీ అల్ తర్సూసీ అనే ఆయన 1187 ప్రాంతంలో సుల్తాను సలాదీన్ కోసం రాసిన ఆయుధాల గ్రంథంలో దొరుకుతుంది. బైజాంటియన్లు, అరబ్బులు, క్రూసేడర్లు (మతం పేరుతో యూరప్ నుంచి దండెత్తిన క్రైస్తవ యోధులు) ఒకరి కోట మీద ఒకరు పడుతూ ఒకరి యంత్రాల్ని ఒకరు చూసి నేర్చుకున్న కాలం అది, ఎవరో ఒక్కడి ఖాతాలో వేసి ఇతనే కనిపెట్టాడు అనడం కుదరదు. ఇంగ్లండ్‌కి ఇది చేరింది ఇంకా ఆలస్యంగా, 1217లో డోవర్ ముట్టడి కోసం ఫ్రెంచి యువరాజు లూయీ పక్షం ఒకటి తెచ్చుకుంది.

ఎదురుబరువు వచ్చాక మనుషులు లాగే రకం దండగ అయిపోయిందా?

అస్సలు కాలేదు. వేగంలో దానికి సాటి లేదు. 1147లో లిస్బన్ ముట్టడిలో క్రూసేడర్లు ఇలాంటివి రెండు నిలబెట్టి, వందేసి మంది జట్లని వంతులవారీగా మారుస్తూ పది గంటల్లో 5000 రాళ్ళు విసిరారని అక్కడున్న మనిషి రాశాడు. లెక్కేస్తే ఒక్కో యంత్రం నుంచి దాదాపు పద్నాలుగు సెకన్లకో రాయి! రాళ్ళు చిన్నవే, గోడకి ఏమీ కాదు. కానీ గోడ మీద నిలబడ్డవాడు తల ఎత్తలేడు, ఎదుటివాళ్ళు నిచ్చెనలు తెస్తున్నారో లేదో చూడలేడు. కావలసింది అదే.

ఇంకోటి, దీన్ని నడపడానికి కండలు తిరిగిన సైనికులే ఉండాలని లేదు. 1218 జూన్ 25న ఫ్రాన్స్‌లోని తులూజ్‌ని ముట్టడిస్తున్న సేనాని సైమన్ ద మోంట్‌ఫర్ తలకి రాయి తగిలి చచ్చిపోయాడు. ఆ రాయి వేసిన యంత్రాన్ని నడిపింది ఊళ్ళో ఆడవాళ్ళు, ఆడపిల్లలు అని అప్పటి పద్యగాథ చెప్తుంది. ఆ ఒక్క రాయితో ముట్టడి దిక్కులేనిదై కొద్ది వారాల్లోనే ఎత్తేశారు.

ఎదురుబరువు ట్రెబుషే ఎలా పనిచేస్తుంది? ఫిజిక్స్ రాదు, మామూలుగా చెప్పండి.

దూలంలో పొడుగు చెయ్యి పొట్టి చెయ్యికి నాలుగైదు రెట్లు ఉంటుంది. పొట్టి చెయ్యికి మట్టి, రాళ్ళు, లేదా సీసం నింపిన పెట్టె. మామూలుగా వదిలేస్తే పెట్టె కిందికి, పొడుగు కొస ఆకాశంలోకి. ఆ పొడుగు కొసని చక్రాలు, మోకులతో గంటసేపు తంటాలుపడి నేల దాకా లాగి కొక్కేనికి తగిలిస్తారు. అంటే టన్నుల బరువుని గాల్లోకి ఎత్తి పెట్టారన్నమాట, మనుషులు మెల్లమెల్లగా చేసిన ఆ చాకిరీ అంతా పైన నిలిచి ఉంటుంది.

ఇప్పుడు వడిసెల. చేలో పిట్టల్ని తోలే వడిసెలే, తాళ్ళు బారలకి బారలు ఉంటాయి అంతే. దాని ఒక తాడు దూలం కొసకి శాశ్వతంగా కట్టేస్తారు, రెండో తాడు చివర ఇనుప కడియం ఉంటుంది, దాన్ని కొసన ఉన్న మేకుకి ఊరికే తగిలిస్తారు. రాయి వడిసెల గుడ్డలో కూర్చుని యంత్రం కింద చెక్క దోనెలో పడుకుని ఉంటుంది.

ఒకడు సుత్తితో కొక్కెం ఊడగొడతాడు. పెట్టె దబ్బున దిగుతుంది, దూలం పైకి లేస్తుంది, రాయి ముందు దోనె వెంబడి జర్రున జారి, నేల వదిలి, దూలం వెనకాల పెద్ద చుట్టు తిరుగుతుంది. సరిగ్గా ఇక్కడే ఈ యంత్రం గొప్పదనం ఉంది: రాయి ఊపందుకుంటున్న కొద్దీ దూలం నెమ్మదిస్తుంది, పెట్టె దాదాపు ఆగిపోతుంది, పడ్డ బరువులో ఉన్న శక్తి చాలా భాగం ఆ కొద్ది క్షణాల్లో రాయిలోకి వెళ్ళిపోతుంది. వడిసెల తీసేసి దూలం కొసన గిన్నె పెట్టి చూడండి, దూరం ఘోరంగా పడిపోతుంది.

ఆ మేకు గురించి ఎందుకంత పట్టింపు?

రాయి ఎప్పుడు విడిపోవాలో నిర్ణయించేది అదే కాబట్టి. వడిసెల తిరిగి తిరిగి ఒక కోణానికి రాగానే కడియం మేకు మీంచి జారిపోతుంది, వడిసెల విచ్చుకుంటుంది, రాయి వెళ్ళిపోతుంది. మేకు దూలానికి తిన్నగా ఉంటే కడియం తొందరగా జారుతుంది, రాయి ఎత్తుకి లేస్తుంది, మరీ తొందరైతే నెత్తి మీదికో వెనక్కో పోతుంది. మేకుని కాస్త ముందుకి వంచితే కడియం ఎక్కువసేపు పట్టుకుంటుంది, రాయి ఎత్తుకి లేవకుండా నేలకి దగ్గరగా పోతుంది, మరీ వంచితే ముందున్న నేలకే కొడుతుంది. ఇన్ని టన్నుల యంత్రానికి గురి కుదిర్చేది బెత్తెడు ఇనుప ముక్క, దాన్ని కొలిమి దగ్గర సుత్తితో ఇంకాస్త వంచే మనిషి. వడిసెల పొడవు, రాయి బరువు మార్చినా గురి మారుతుంది, అందుకే రాళ్ళని ఒకే బరువుకి చెక్కించేవారు. ఏరుకొచ్చిన రాళ్ళు వేస్తే ఒక్కోటి ఒక్కోచోట పడతాయి.

ఇది తెలియకపోతే ఏమవుతుందో 1521లో మెక్సికోలో తేలింది. అజ్టెక్‌ల రాజధాని టెనోచ్‌టిట్లాన్ ముట్టడిలో మందుగుండు అయిపోవస్తుంటే స్పెయిన్ సేనాని కోర్తెస్ మనుషులు ట్రెబుషే ఒకటి కట్టారు. రాయి నిట్టనిలువుగా లేచి బయల్దేరిన చోటే పడిందని వాళ్ళలో ఒకడైన బెర్నల్ దియాస్ రాశాడు.

లెక్కల్లో చెప్పండి, ఎంత బరువు ఎంత దూరం?

యంత్రానికీ యంత్రానికీ పొంతన ఉండదు, కాబట్టి ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. 6 టన్నుల పెట్టె 3 మీటర్లు దిగిందనుకోండి. దాంట్లోంచి వచ్చే శక్తి సుమారు 1,76,000 జౌళ్ళు. 100 కిలోల రాయి 45 డిగ్రీల కోణంలో 200 మీటర్లు పోవాలంటే, గాలి సంగతి పక్కన పెడితే, సెకనుకి 44 మీటర్ల వేగం కావాలి, దానికి 98,000 జౌళ్ళు చాలు. అంటే సగానికి కాస్త పైగా శక్తి రాయికి అందితే సరిపోతుంది. బాగా కట్టిన ట్రెబుషేకి అది సాధ్యమే.

ఆ వేగం గంటకి దాదాపు 160 కిలోమీటర్లు. క్రికెట్‌లో ఎంతటి ఫాస్ట్ బౌలరైనా అందుకోగలిగే గరిష్ఠ వేగం ఇంచుమించు అదే, కాకపోతే అక్కడ బంతి 160 గ్రాములు, ఇక్కడ 100 కిలోలు.

200 మీటర్లు అనే దూరం కూడా ఊరికే చెప్పలేదు. కోట మీంచి వచ్చే బాణాలు ఆ దూరానికి బలహీనపడతాయి. మరీ దగ్గరికి తెస్తే లోపలివాళ్ళు బయటికి దూకి యంత్రానికి నిప్పు పెట్టి పోతారు.

బరువు పెట్టె దూలానికి బిగించి ఉంటుందా, వేలాడుతుందా?

రెండూ ఉన్నాయి. 1280 ప్రాంతంలో రోమ్‌కి చెందిన గైల్స్ అనే పండితుడు నాలుగు రకాలు చెప్పాడు: మనుషులు లాగేది, బరువు బిగించి ఉన్నది, బరువు వేలాడేది, కొంత బిగించి కొంత వేలాడదీసింది. బిగించినదానికి గురి ఎక్కువ, వేలాడేదానికి దూరం ఎక్కువ అని ఆయన మాట. వేలాడే పెట్టె దూలంతో పాటు పక్కకి తిరగకుండా దాదాపు నిటారుగా దిగుతుంది, అందుకే శక్తి ఎక్కువ అందుతుంది. 13వ శతాబ్దపు విలార్ ద ఒన్‌కూర్ అనే ఫ్రెంచి ఆయన నోటుపుస్తకంలో ట్రెబుషే పునాది బొమ్మ ఉంది, పెట్టె లోతే 12 అడుగులని రాసుకున్నాడు. పక్క నుంచి చూపించే బొమ్మ ఉన్న పేజీ పోయింది. ఆ పేజీ ఉండి ఉంటే ఇప్పటి వాదనలు సగం తీరిపోయేవి.

వీటిని కట్టేది ఎవరు? ఎన్నాళ్ళు పట్టేది?

వడ్రంగులు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే కోపం తెప్పించే సంగతి ఇదే: రాజుల పేర్లు మిగిలాయి, యంత్రాలకి పెట్టిన పేర్లు కూడా మిగిలాయి, వాటిని నిలబెట్టిన చేతుల పేర్లు చాలావరకు పోయాయి. దూలానికి పనికొచ్చే మాను వెతకడం, ఇరుసు దగ్గర చీలకుండా ఇనుప పట్టీలు వేయించడం, మోకులు, జంతువుల కొవ్వు, సీసం, చెక్కిన రాళ్ళు, వాటిని మోసే బళ్ళు, ఆ ఎడ్లకి మేత... ముట్టడిలో అసలు యుద్ధం ఈ సరంజామా దగ్గరే జరిగేది.

1304లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ స్కాట్లండ్‌లోని స్టిర్లింగ్ కోటని ముట్టడించాడు. ఎదురుబరువుల కోసం చర్చిల కప్పుల మీది సీసం రేకులు ఊడబెరికించాడు. ఐదుగురు పెద్ద వడ్రంగులు, వాళ్ళ కింద యాభై మంది దాకా పనివాళ్ళు, నెలల తరబడి పని, అలా వార్‌వుల్ఫ్ అనే యంత్రం తయారైంది. రాణి, ఆమెతో ఉన్న ఆడవాళ్ళు చూడడానికి ఊళ్ళో ఇంటికి ప్రత్యేకంగా ఓ కిటికీ కూడా పెట్టించారు. తీరా యంత్రం సిద్ధమయ్యేసరికి లోపలివాళ్ళు లొంగిపోతామన్నారు. ఎడ్వర్డ్ ఒప్పుకోలేదు, వార్‌వుల్ఫ్ దెబ్బ తగిలేదాకా ఎవరూ బయటికి రావడానికి వీల్లేదన్నాడు. చివరికి బయటికి వచ్చింది ఓ పాతిక ముప్పై మంది.

మోత సంగతి ఇంకా కష్టం. 1291లో ఈజిప్టు పాలకులైన మామ్లూకులు క్రూసేడర్ల రేవు నగరం ఆక్రా మీదికి వెళ్ళినప్పుడు అల్ మన్సూరీ అనే మహా యంత్రాన్ని విడదీసి వంద బళ్ళకి ఎక్కించారు. ఒక బండి బాధ్యత అబుల్ ఫిదా అనే కుర్ర అమీరుకి అప్పజెప్పారు, తర్వాత పెద్ద చరిత్రకారుడైన ఆయన ఆ ప్రయాణం గురించి స్వయంగా రాశాడు. సిరియాలోని హిస్న్ అల్ అక్రాద్ కోట నుంచి గుర్రం మీద ఎనిమిది రోజుల దారి. చలికాలం, వాన, మంచు, చలికి చచ్చిపోతున్న ఎడ్లు, చివరికి నెల పట్టింది. ఆక్రా మే 18న పడింది. ఆ గెలుపులో నాకైతే ఆ బళ్ళు తోలినవాళ్ళ వాటా చాలా పెద్దది.

ఇంతకీ ఈ రాళ్ళతో గోడలు నిజంగా కూలేవా?

కొన్నిసార్లు కూలేవి. చాలాసార్లు కూలేవి కావు.

పది పన్నెండు అడుగుల మందం ఉన్న రాతిగోడని రాయితో కొట్టి పడగొట్టాలంటే ఒకేచోట రోజుల తరబడి కొట్టాలి. ముందుగా పోయేది గోడ పైభాగం, అంటే సైనికులు దాక్కునే పళ్ళ గోడ, చెక్క వరండాలు, ఇళ్ళ కప్పులు. పైన చాటు లేకపోతే కాపలావాడు నిలబడలేడు, వాడు లేకపోతే కింద మనవాళ్ళు గోడ మొదట్లో తవ్వుకోవచ్చు. నా ఉద్దేశంలో ట్రెబుషే ప్రధానంగా చేసింది ఈ పనే, మిగతావాళ్ళకి దారి ఇవ్వడం.

1215లో ఇంగ్లండ్ రాజు జాన్ రోచెస్టర్ కోట మీద రాళ్ళ యంత్రాలు పగలూ రాత్రీ నడిపించాడు, పెద్ద టవర్ లొంగలేదు. అప్పుడు దాని మూల కింద సొరంగం తవ్వించి, పైకప్పు పడకుండా కొయ్య ఆసరాలు పెట్టించి, తినడానికి పనికిరాని బాగా కొవ్వెక్కిన పందులు నలభై పంపమని ఉత్తరం రాశాడు, ఆ ఉత్తరం ఇప్పటికీ ఉంది. ఆ కొవ్వుతో ఆసరాలు తగలబెడితే టవర్ మూల కుప్పకూలింది. అయినా లోపలివాళ్ళు టవర్‌ని రెండుగా చీల్చే అడ్డగోడ వెనక్కి వెళ్ళి పోరాడారు, చివరికి ఆకలికి తట్టుకోలేక లొంగారు. తర్వాత ఆ మూలని గుండ్రంగా కట్టారు, ఇప్పుడు వెళ్ళి చూసినా మూడు మూలలు పలకగా, ఒకటి గుండ్రంగా కనబడతాయి.

1266లో ఇంగ్లండ్‌లోనే కెనిల్‌వర్త్ కోట దగ్గరా అంతే. లోపలా బయటా యంత్రాలు, రాళ్ళు గాల్లోనే ఢీకొన్నాయని రాసుకున్నారు, ఆరు నెలలు గడిచాక కోటని లొంగదీసింది ఆకలి, జబ్బులు. మధ్యయుగపు ముట్టడిలో అందరికంటే పెద్ద ఆయుధం ఏదంటే ధాన్యపు కొట్టు తాళం అంటాను నేను.

గోడ మీదికి ఎక్కడానికి తోసుకెళ్ళే చక్రాల టవర్లు నిజమేనా?

నిజమే, కానీ ఖర్చు, ప్రమాదం రెండూ ఎక్కువ. గోడ కంటే ఎత్తుగా కట్టి, కందకం పూడ్చి, నేల చదును చేసి, అంగుళం అంగుళం తోసుకుంటూ వెళ్ళాలి. 1099లో జెరూసలేం దగ్గర క్రూసేడర్లకి అసలు కలపే దొరకలేదు. జాఫా రేవులో జెనోవా ఓడల్ని విప్పి ఆ చెక్కలు, మోకులు, పనివాళ్ళతో సహా తెచ్చుకున్నారు. వాళ్ళ నాయకుల్లో ఒకడైన గాడ్‌ఫ్రీ తన టవర్‌ని ఒకచోట చూపించి, రాత్రికి రాత్రి విడదీసి గోడ బలహీనంగా ఉన్న చోటికి మార్చాడు.

అక్కడో విచిత్రం జరిగింది. వాళ్ళ పొట్టేలు దూలం (గోడల్ని పొడిచే దూలం) ముందున్న బయటి గోడని పగలగొట్టింది గానీ, తర్వాత అక్కడే ఇరుక్కుని వెనకొచ్చే టవర్‌కి దారి లేకుండా చేసింది. దాంతో క్రూసేడర్లే దానికి నిప్పు పెట్టారు, గోడ మీదివాళ్ళు అది కాలిపోకుండా నీళ్ళు పోశారు! జులై 15న టవర్ మీంచి గోడ ఎక్కారు. ఆ తర్వాత ఊళ్ళో జరిగిన ఊచకోత తెలిసిందే, యంత్రాల గురించి ఎంత ఉత్సాహంగా మాట్లాడుకున్నా అవతలి వైపు మనుషులున్న సంగతి మరిచిపోకూడదు.

1218లో ఈజిప్టులోని దమియెట్టా దగ్గర రెండు ఓడలు జోడించి వాటి మీదే టవర్ కట్టి నది మధ్యలోని బురుజుని పట్టుకున్నారు.

పొట్టేలు దూలం అంటే?

గోడనో తలుపునో పొడిచే లావాటి దూలం, కొసన ఇనుప తొడుగు, పైన చూరు, ఆ చూరుకి గొలుసులతో వేలాడదీసి ఊపుతారు. తలుపుకి బాగా పనికొస్తుంది. దళసరి రాతిగోడకి పెద్దగా పనికిరాదు.

లోపలివాళ్ళు ఏం చేసేవారు? కాగిన నూనె పోసేవారా?

నూనె ఖరీదైన సరుకు, ముట్టడిలో అది తిండి కూడా. వేడినీళ్ళు, కాల్చిన ఇసుక, సున్నం, మామూలు బండరాళ్ళు వీటితోనే ఎక్కువ పని జరిగేది. కాల్చిన ఇసుక కవచం సందుల్లోంచి లోపలికి జారితే విప్పుకోవడానికి కూడా టైం ఉండదు.

రాళ్ళు తగిలే చోట ఉన్ని బస్తాలు, గడ్డి బస్తాలు, మోకుల చాపలు వేలాడదీసేవారు. పొట్టేలు దూలాన్ని పై నుంచి కొక్కేలతో పట్టి లాగేవారు. టవర్లకి నిప్పు పెట్టేవారు, అందుకే బయటివాళ్ళు పచ్చి తోళ్ళు కప్పి తడుపుతూ ఉండేవారు. సొరంగం తవ్వుతున్నారని అనుమానం వస్తే గిన్నెలో నీళ్ళు పోసి నేల మీద పెట్టి అలలు వస్తున్నాయేమో చూసేవారు, వస్తే ఎదురు సొరంగం తవ్వి చీకట్లో కలబడేవారు.

శవాల్ని విసిరి ప్లేగు అంటించారట కదా?

1346లో క్రిమియాలోని కఫా ముట్టడిలో మంగోలులు ప్లేగు శవాల్ని లోపలికి విసిరారని గాబ్రియేలె ద ముస్సి రాశాడు. ఆయన ఇటలీవాడు, అక్కడ లేడు, విన్నది రాశాడు. విసిరి ఉండొచ్చు, కానీ యూరప్‌కి ప్లేగు దానివల్లే వచ్చిందనడం అతి. ఎలుకలు, ఓడలు ఎలాగూ తిరుగుతూనే ఉన్నాయి. కళేబరాలు, పెంట విసరడం మాత్రం జరిగేదే, 1422లో బొహీమియాలో కార్ల్‌స్టెయిన్ కోట మీద హుస్సైట్లు అనే మత సంస్కరణవాదులు ఆ పని చేశారు. 1097లో నికాయాలో క్రూసేడర్లు చచ్చినవాళ్ళ తలలు లోపలికి విసిరారు.

చైనాలో పుట్టిన యంత్రం మళ్ళీ చైనాకే వెళ్ళిందంటారు, ఏంటా కథ?

నాకు బాగా ఇష్టమైన కథ. మంగోలు చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ సైన్యం దక్షిణ చైనాలోని సాంగ్ రాజ్యపు షియాంగ్‌యాంగ్, ఫాన్‌చెంగ్ జంట నగరాల ముందు 1267 నుంచి ఏళ్ళ తరబడి కూర్చుంది. మధ్యలో హాన్ నది, గోడలు గట్టివి, మనుషులు లాగే యంత్రాల రాళ్ళు అందవు. కుబ్లాయ్ పర్షియాలో ఉన్న తన బంధువు అబాకా ఖాన్‌ని అడిగితే ఆయన ఇస్మాయిల్, అలావుద్దీన్ అనే ఇద్దరు ఇంజనీర్లని పంపాడు. వాళ్ళు ఎదురుబరువు ట్రెబుషేలు కట్టారు. 1273 మొదట్లో ఫాన్‌చెంగ్ పడింది, ఆ వెంటనే షియాంగ్‌యాంగ్ మీద వేసిన రాయి నేలలో ఏడడుగుల లోతుకి దిగిందని చైనా చరిత్రలో ఉంది. సేనాని లూ వెన్‌హువాన్ లొంగిపోయాడు, దక్షిణ చైనాకి తలుపు తెరుచుకుంది. చైనావాళ్ళు దాన్ని ముస్లిం ఫిరంగి అనే అర్థం వచ్చే పేరుతో పిలిచారు. మార్కో పోలో ఆ యంత్రాలు కట్టించింది మేమే అని చెప్పుకున్నాడు గానీ, ఆయన చైనా చేరేది 1275 ప్రాంతంలో.

మన దేశంలో వాడారా? తెలుగు నేల మీద?

వాడారు. 712 ప్రాంతంలో సింధులోని దేబల్ రేవు మీదికి అరబ్బు సేనాని ముహమ్మద్ బిన్ ఖాసిమ్ తెచ్చిన మంజనీక్ (రాళ్ళు విసిరే యంత్రానికి అరబ్బీ పేరు) పేరు అల్ అరూస్, అంటే పెళ్ళికూతురు. లాగడానికి 500 మంది కావలసివచ్చేదట. గుడి మీద ఎత్తైన జెండా కర్రని గురి చూసి విరగ్గొట్టడంతో లోపలివాళ్ళ ధైర్యం సడలిపోయింది. 1301లో రణథంబోర్ దగ్గర తిరగబడింది కథ: అలావుద్దీన్ ఖిల్జీ సేనాని నుస్రత్ ఖాన్ ముట్టడి పనులు చూస్తుండగా కోట లోపలి యంత్రం వేసిన రాయి తగిలి చచ్చిపోయాడు.

ఇక ఓరుగల్లు. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ వచ్చినప్పుడు ప్రతాపరుద్రుడి కోటకి బయట మట్టి గోడ, లోపల రాతి గోడ. ఆ మట్టి గోడలోకి ఉక్కు ఈటె కూడా దిగదని, మంజనీక్ రాయి తగిలినా పిల్లలు ఆడుకునే కాయలా ఎగిరి వెనక్కి పడుతుందని ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాశాడు. కవి కాబట్టి కాస్త పెంచి ఉంటాడు, కానీ శత్రువు ఆస్థానం నుంచి వచ్చిన మెప్పు అది, దాంట్లో ఇంజనీరింగ్ నిజం కూడా ఉంది. రాతిగోడ దెబ్బకి బీటలు వారుతుంది, మందంగా దిమ్మిస కొట్టిన మట్టికట్ట దెబ్బని మింగేస్తుంది. 1805లో భరత్‌పూర్ మట్టి గోడల ముందు బ్రిటిష్ సేనాని జనరల్ లేక్ ఫిరంగులు కూడా ఇదే కారణంతో తెల్లమొహం వేశాయి.

ఓరుగల్లులో మట్టి కోట చివరికి చేతికి చిక్కింది, రాతి కోట చుట్టూ మూగాక ప్రతాపరుద్రుడు కప్పం కట్టి సంధి చేసుకున్నాడు. 1323లో ఢిల్లీ యువరాజు ఉలూగ్ ఖాన్ నెలల తరబడి ముట్టడించాకే కాకతీయ రాజ్యం ముగిసింది. వరంగల్ వెళ్ళేవాళ్ళు తోరణాలు, రాతి కోట చూసి ఫొటోలు దిగి వచ్చేస్తారు. దయచేసి మట్టి కట్ట దగ్గర కూడా బండి ఆపండి. కోట గుమ్మాల్లో దారి తిన్నగా పోకుండా ఎందుకు వంకర తిరుగుతుందో కూడా గమనించండి: దూలంతో పరుగెత్తుకొచ్చి తలుపు పొడవడానికి చోటు లేకుండా, పై నుంచి మూడు వైపులా కొట్టడానికి వీలుగా కట్టారు.

ఫిరంగి రాగానే ఇవి పోయాయా?

వెంటనే పోలేదు, వందేళ్ళకి పైగా రెండూ పక్కపక్కన నడిచాయి. తొలి ఫిరంగులు పేలిపోయేవి, మందు దొరికేది కాదు, గురి అంతంతమాత్రం. 1480లో రోడ్స్ దీవిలో ఒట్టోమన్ ఫిరంగులకి ఎదురు లోపలివాళ్ళు ట్రెబుషే నిలబెట్టి బాగానే ఇబ్బంది పెట్టారు. తేడా తెచ్చింది ఇనుప గుండ్లు, మెరుగైన మందు. ట్రెబుషే రాయి ఎత్తు నుంచి వాలుగా పడుతుంది, ఫిరంగి గుండు తిన్నగా వచ్చి గోడ మొదట్లో కొడుతుంది. దాంతో ఎత్తు గోడల రోజులు పోయి, పొట్టిగా, వాలుగా, వెనక మట్టి దన్ను ఉన్న గోడలు వచ్చాయి.

ఇప్పుడు ఎక్కడైనా చూడొచ్చా?

డెన్మార్క్‌లో న్యుకోబింగ్ దగ్గరి మధ్యయుగ కేంద్రంలో చూడొచ్చు, 1989లో అక్కడ మొదటిది కట్టి వేసి చూసినప్పుడు రాళ్ళు ఎంత దగ్గర దగ్గరగా పడతాయో తెలిసి చాలామంది ఆశ్చర్యపోయారు. ఇంగ్లండ్‌లో వార్విక్ కోట దగ్గర 18 మీటర్ల ఎత్తు, 22 టన్నుల బరువున్నది 2005లో కట్టారు. బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్ళకి వారాంతంలో పిల్లల్ని తీసుకెళ్ళడానికి మంచి చోటు, కానీ ప్రదర్శన నడుస్తోందో లేదో ముందే కనుక్కుని వెళ్ళండి.

పిల్లల సైన్స్ ప్రాజెక్టుకి చిన్నది చేయించొచ్చా?

తప్పకుండా చేయించండి, మీట, స్థితిశక్తి, గతిశక్తి మూడూ ఒకేసారి చేతికి తెలుస్తాయి. అరవై సెంటీమీటర్ల కర్రకి పన్నెండో సెంటీమీటరు దగ్గర ఇరుసు పెట్టండి. పొట్టి కొసకి ఇసుక నింపిన డబ్బా, విసరడానికి బంకమట్టి ఉండ, డబ్బా బరువు ఉండకి వంద రెట్ల దాకా ఉంటే బాగుంటుంది. వడిసెలకి పాత బట్ట ముక్క, రెండు నూలు దారాలు, పొడవు సుమారుగా పొడుగు చెయ్యంత. రెండో దారం చివర ఉంగరం, కర్ర కొసన తల తీసేసిన మేకు.

మొదట ఉండ వెనక్కో పైకో పోతుంది, మేకుని కొద్దిగా ముందుకి వంచి మళ్ళీ వేయండి, ఒక్కోసారి ఒక్కటే మార్చండి, వంపు మారిస్తే దారం ముట్టుకోవద్దు. ఎంత వంపుకి ఎంత దూరం పడిందో పిల్లల చేత పుస్తకంలో రాయించండి. వేసేటప్పుడు ముందూ వెనకా ఎవరూ ఉండకూడదు, అందరూ పక్కన నిలబడాలి, డబ్బా ఊగే చోట చెయ్యి పెట్టకూడదు, రాళ్ళు వాడకూడదు.